యాదలక్ష్మి మెడలో గోలీ

యాదగిరిగుట్ట,
12-6-1989

ప్రియమైన తమ్ముడు భిక్షానికి,

అక్క అండాలు దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమందరం బాగున్నాం. నువ్వు బాగున్నావో లేదో నువ్వు రాస్తే కదా తెలిసేది. పోయిన ఏడు ఉగాదికి వచ్చి పది రోజులుండి పోయినవాడివి మళ్ళీ మా గడప తొక్కలేదు. అచ్చంపేట అంటే అడవి అంచున ఉందని తెలుసు గానీ అక్కడికి బస్సులు కూడా బంద్ అయ్యాయని మాకెవరూ చెప్పలేదు.

అసలు సంగతికి వస్తాను. నీ మేనకోడలు యాదలక్ష్మికి శ్రావణంలో ఐదేళ్ళు నిండుతాయి. అది ఏడో నెలలో పుట్టి పిడికెడు ఉన్నప్పుడు మా అత్తమ్మ నర్సింగమ్మ మొక్కుకున్న మొక్కు నీకు గుర్తుందిగా. బతికి బట్టకడితే ఐదేళ్ళ దాకా తలకు కత్తి తగలనీయకుండా పుట్టు వెంట్రుకలు గుట్ట మీద స్వామికి ఇస్తానని. మా ఇల్లు గుట్ట కిందనే. రోజూ ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి తలలు గీయించుకుని మా దుకాణంలోనే కొబ్బరికాయ కొనుక్కుని పోతుంటారు, మా పిల్ల మాత్రం బుట్టంత జుట్టుతో తిరుగుతుంది. వెనక వైపు కుడి చెవి పైన జడ కట్టింది కూడా. ఎవరూ అల్లకుండా దానంతటదే చిక్కుపడి తాడులా అయింది. అది దేవుని జడ అని అత్తమ్మ దువ్వెన తాకనీయదు, నీళ్ళు తాకనీయదు. పసుపు, ఆముదం కలిపి తనే పట్టించి పైన రుమాలు కడుతుంది. నన్ను కూడా చేయి పెట్టనీయదు.

మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వెయ్యాలి. నాకు వంద మంది తమ్ముళ్ళు లేరు. కాబట్టి సెలవు పెట్టు. తేదీ ముందే రాస్తే మీ బావ మిగతావి చూసుకుంటాడు.

ఇంకొకటి. పిల్లకు మెడ వెనక, కుడి చెవికి కిందుగా చింతగింజంత బిళ్ళ కట్టింది. నొప్పి లేదంటుంది. మామిడిపండ్ల వేడి అని అత్తమ్మ అంటుంది. పిల్ల మాత్రం దాన్ని గోలీ అంటుంది. "నా మెడల గోలీ ఉంది, నీకు ఉన్నదా?" అని వాడకట్టు పిల్లలందరికీ చూపించి వస్తుంది.

అత్తమ్మ కూడా ఈ మధ్య వింతగా ఉంది. నలభై ఏళ్ళుగా వక్క నమలనిదే నోట మాట రాని మనిషి మొన్న ఉగాదికి ముందే వక్క మానేసింది. ఎందుకంటే పళ్ళు కదులుతున్నాయంటుంది. ఆ పళ్ళతోనే జొన్నరొట్టె బాగానే కొరుకుతుంది.

నువ్వు వస్తే పిల్ల ఎంత సంబరపడుతుందో. నీ ఛాతీ మీద పడుకున్న సంగతి ఇంకా చెప్తుంది.

నీ రాకకు గడప కడిగి ఉంచిన
అక్క, అండాలు


అచ్చంపేట,
28-6-1989

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. బావకు, అత్తమ్మకు నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ అడవి సరుకుల డిపోలో పని తెగడం లేదు. వానలు పడకముందే చెంచు గూడేల, పెంటల నుంచి జిగురు, తేనె, కుంకుడుకాయలు అన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. తూకం దగ్గర నేనొక్కడినే. శ్రావణంలో సెలవు దొరుకుతుందన్న ఆశ లేదు.

మన పెద్దబాపు కొడుకు ఉన్నాడు కదా. వరసకు అతనూ మేనమామే. అతని ఒళ్ళో కూర్చోబెట్టి మొక్కు తీర్చుకోండి. నేను లేకపోయినా స్వామి ఏమీ అనుకోడు.

అక్కా, పిల్ల మెడలో బిళ్ళ సంగతి కొంచెం వివరంగా రాయి. ఒకటేనా, పక్కన ఇంకేమైనా ఉన్నాయా? గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడుతుందా? దగ్గుతుందా? అన్నం సరిగా తింటుందా, చిక్కిందా? నిద్రలో చెమటలు పడుతున్నాయా? దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఇవన్నీ చూసి వెంటనే రాయి. దవాఖానకు తీసుకుపో.

దానికి ప్రత్యేకంగా పళ్ళెం ఉందా? ఎవరి ఎంగిలీ తిననీయకు.

లారీలో వచ్చే తెలిసినతనితో తేనె సీసా పంపుతున్నాను.

తమ్ముడు,
భిక్షం


యాదగిరిగుట్ట,
20-7-1989

ప్రియమైన తమ్ముడికి (ప్రియమైన అని కోపంతోనే రాస్తున్నాను),

పెద్దబాపు కొడుకు ఒళ్ళో కూర్చోబెట్టాలా? అతను నా పెళ్ళిలో అన్నం తిని పోయిన తర్వాత మళ్ళీ ఎదురుపడలేదు. నా పిల్ల అతన్ని చూస్తే ఏడుస్తుంది. నీకు మా మీద ఏం కోపమో నాకు తెలియదు. మీ బావ ఏమైనా అన్నాడా అని అడిగితే, "నేనేమంట? ఆయన పోయేటప్పుడు సంచి మోసుకపోయి బస్సెక్కిచ్చిన" అని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికి రానివాడివి నిద్రలో చెమటలు పడుతున్నాయా అని అడుగుతావు. అసలు నువ్వు నాతో ఏం మాట్లాడుతున్నావో అర్థం కాలేదు.

అయినా నువ్వు అడిగినవన్నీ చూశాను. దగ్గు లేదు. తింటుంది. చెమటలంటే, ఈ రేకుల ఇంట్లో అందరికీ పడుతున్నాయి. ఒళ్ళు అప్పుడప్పుడు వెచ్చబడుతుంది. బిళ్ళలు ఇప్పుడు మూడయ్యాయి. పెద్దది రేగుపండంత ఉంది.

ముందు మా ఆర్‌ఎంపీ డాక్టరు ఇస్రాయేలు చూశాడు. నోరు తెరిపించి పన్ను పుచ్చిందన్నాడు, ఐదు రోజులు మందు పోశాడు. పన్ను సంగతేమో గానీ బిళ్ళ తగ్గలేదు. పక్కింటి రామమ్మ చూసి ఇది కంఠమాల అంది. వాళ్ళ చిన్నాన్నకు గొలుసు లాగా మెడ చుట్టూ లేచాయట. ఏదో ఆకు పసరు పట్టు వేసింది, తోలు ఎర్రబడి పిల్ల ఒకటే ఏడుపు. మీ బావ పేపర్లో ఏదో చదివి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏం చదివావంటే చెప్పడు. నేనే ఆ పేపరు వెతికి చదివాను. క్యాన్సరు గురించి ఉంది. ఆ తర్వాత నేనూ రెండు రోజులు ముట్టలేదు.

చివరికి భువనగిరి దవాఖానకు తీసుకుపోయాం. ఛాతీ ఫోటో తీశారు, బాగుందన్నారు. చేతి మీద తోలు కింద చిన్న సూది ఇచ్చి మూడు రోజులకు రమ్మన్నారు. మూడు రోజులకు ఆ జాగా ఎర్రగా ఉబ్బింది. డాక్టరు స్కేలు పెట్టి కొలిచి, "ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నదా?" అని అడిగాడు. మేం లేదన్నాం. "ఎవరైనా దగ్గేటోళ్ళు వచ్చి ఉన్నరా?" అన్నాడు. లేదన్నాం. ఆయన చాలాసేపు కాగితం చూసి, టీబీ గడ్డలు కావచ్చు, కాకపోవచ్చు, హైదరాబాదు పోయి గడ్డలో సన్న సూది గుచ్చి రసం తీసి పరీక్ష చేయించాలి, అది చూశాకే మందు అన్నాడు.

ఛాతీ బాగుంటే టీబీ ఎట్లా అవుతుంది? మన ఇంట్లో లేనిది చేతి మీద ఎట్లా ఉబ్బింది? ఒకరు పన్ను అంటారు, ఒకరు మెడ అంటారు, ఒకరు చెయ్యి కొలుస్తారు. నాకు తల తిరుగుతోంది. మన బాపు దగ్గి దగ్గి పోయినప్పుడు నాకు పదేళ్ళు. ఆ శబ్దం నా చెవుల్లో ఇంకా ఉంది. ఈ పిల్లకు కూడా అదేనా అని భయంగా ఉంది. ఆ మాట ఎవరికీ చెప్పలేక నీకు చెప్తున్నాను.

మొక్కు వాయిదా వేశాం. జడ మీద అత్తమ్మ పసుపు ఇంకా దట్టంగా పెడుతుంది.

నీ మౌనంతో వేగలేని
అక్క


అచ్చంపేట,
2-8-1989

ప్రియమైన అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది ఐదోది. దీన్ని చింపకుండా డబ్బాలో వేసి వచ్చేస్తాను.

భువనగిరి డాక్టరు అడిగాడు కదా, దగ్గేవాళ్ళెవరైనా వచ్చి ఉన్నారా అని. నేను వచ్చి ఉన్నాను. పోయిన ఏడు ఉగాదికి. అప్పుడు నాకు దగ్గు ఉంది. డిపోలో జిగురు దుమ్ము అని నీకు చెప్పాను, నేనూ అదే అనుకున్నాను. ఆ పది రోజులూ పిల్ల నా ఛాతీ మీదే పడుకుంది. నా పళ్ళెంలోనే తిన్నది. నా గ్లాసులో మిగిలిన చాయ్ అదే తాగింది. నువ్వు చూసి నవ్వావు.

పోయిన వానాకాలంలో నోట్లో నుంచి రక్తం పడింది. సర్కారు దవాఖానలో కళ్ళె పరీక్ష చేశారు. టీబీ. మన బాపుకు ఉన్నదే. అప్పటి నుంచి మందులు మింగుతున్నాను, రెండు నెలలు రోజూ సూదులు కూడా తీసుకున్నాను. మీకు చెప్పలేదు. మీ అత్తగారింట్లో నీకు మాట వస్తుందని అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, నాకే నన్ను చూస్తే అసహ్యం వేసింది.

అమ్మ బాపు గ్లాసును వేరే గూట్లో పెట్టేది, గుర్తుందా? మనం దాహమేసి దాన్ని తాకితే వీపు మీద కొట్టేది. బాపు పోయినాక ఆ గ్లాసు తీసుకుపోయి వాగులో పారేసింది. నేను వెంటే ఉన్నాను. ఇక్కడ కిరాయికి ఉన్న ఇంట్లో మొదటి రోజే నా గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. దాని అడుగున నా పేరు చెక్కించాను, వేరేవాళ్ళు పొరపాటున కూడా తాగొద్దని.

ఇంటామె లాల్ బీ ముసలావిడ. ఆమెకు ఇదంతా నచ్చదు. "డాక్టర్ సాబ్ నీ కళ్ళెల పురుగు లేదన్నడు గద బేటా, మల్ల గీ గ్లాసు దూరం ఎందుకు పెడ్తున్నవ్?" అంటుంది. ఆరు నెలల నుంచి పరీక్షలో ఏమీ లేదు. ఇక నీ నుంచి ఎవరికీ అంటదు అని డాక్టరు కూడా చెప్పాడు. అయినా నాకు నమ్మకం కలగదు. మొక్కుకు రాకపోవడానికి అదే కారణం. ఆ పిల్లను మళ్ళీ ఒళ్ళోకి తీసుకోవాలంటే భయం. దూరంగా ఉంటే దానికి మంచిదని అనుకున్నాను. అప్పటికే ఇచ్చేసి వచ్చానని నాకు తెలియదు.

హైదరాబాదు డాక్టరుకు ఈ సంగతి దాచకుండా చెప్పండి. నా పేరు చెప్పండి. అది చెప్తేనే వాళ్ళకు దారి దొరుకుతుంది. నన్ను తిట్టినా సరే, ఒక్క కార్డు ముక్క రాయి.

నీ పిల్లకు కీడు చేసిన
తమ్ముడు, భిక్షం


అచ్చంపేట,
10-9-1989

అక్కకు,

నలభై రోజులైంది. నీ నుంచి ఉత్తరం లేదు. పోస్టుమాన్ దూరం నుంచే నన్ను చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు.

సూది పరీక్ష అయిందా? ఏమన్నారు? మందులు మొదలుపెడితే మధ్యలో ఆపొద్దు. నేను ఒకసారి పది రోజులు ఆపి తప్పు చేశాను. పిల్ల మాత్రలు మింగకపోతే తేనెలో నూరి ఇవ్వండి.

నిన్న లాల్ బీ నా గది ముందు పీట వేసుకుని కూర్చుంది. అన్నం తినకుండా ఉన్నానని ఎవరు చెప్పారో. "నీ అక్క కోపంల ఉన్నదా, దుఃఖంల ఉన్నదా?" అని అడిగింది. తెలియదన్నాను. "గది తెల్వకుండ నువ్వు ఉపాసం ఉంటే పిల్లకు నయమైతదా? జర తిను" అని రొట్టె ముందు పెట్టి, తినేదాకా లేవలేదు. ఆమె మనవరాలికి ఒకప్పుడు గజ్జల్లో గడ్డ లేచిందట. ఊరంతా ఏదేదో అన్నారు. చివరికి చూస్తే అరికాలిలో తుమ్మముల్లు. ఆమె నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తుందని తెలుసు. నా సంగతి ముల్లు కాదు.

పిల్ల ఎట్లా ఉందో, అదొక్కటి రాయి. నా మీద కోపం అట్లాగే ఉంచుకో.

భిక్షం


యాదగిరిగుట్ట,
25-9-1989

భిక్షం,

ముందు ఒక మాట. నువ్వు రోగం ఇచ్చావని నాకు కోపం రాలేదు. పది నెలలు నోట్లోంచి రక్తం పడుతూ సూదులు పొడిపించుకుంటూ ఒంటరిగా ఉండి, తేనె సీసా పంపావు చూడు, అందుకు వచ్చింది. ఆ సీసా మూత తీయలేదు. దాన్ని చూస్తే ఏడుపు వస్తుంది. బాపు దగ్గర కూర్చోవడానికి నాకు పదేళ్ళు చాలలేదు. నీ దగ్గర కూర్చునే వయసు ఉండి కూడా నువ్వు కూర్చోనీయలేదు. ఇది నేను మరిచిపోను. రాయలేదంటే, కలం పట్టుకుంటే బూతులు వస్తున్నాయి, అందుకు.

నీ ఉత్తరం మీ బావకు ఒక్కడికే చూపించాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వాడు సంచి మోయనియ్యలేదు అప్పుడు. గట్టిగ దగ్గుతుంటే నేనే గుంజుకున్న. అప్పుడే నాకన్న తెల్వాలె" అన్నాడు. అంతే. అత్తమ్మకు చెప్పలేదు.

ఇప్పుడు పిల్ల సంగతి. హైదరాబాదు పెద్ద దవాఖానకు మూడుసార్లు తిరిగాం. నేను, మీ బావ, అత్తమ్మ. డాక్టరమ్మ మంచిది. నీ సంగతి మొత్తం చెప్పాను, అత్తమ్మను నీళ్ళకు పంపి. సన్న సూదితో గడ్డలోంచి కొంచెం రసం తీసి గాజు ముక్క మీద పూశారు. పిల్ల ఒక్కసారి కెవ్వుమంది, ఆ తర్వాత ఆ గాజు ముక్క తనకు కావాలని ఏడ్చింది. పది రోజులకు రిపోర్టు వచ్చింది.

టీబీ గుర్తులు లేవు. క్యాన్సరు లేదు.

నేను అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. మరి చెయ్యి ఎందుకు ఉబ్బిందని అడిగాను. చిన్నప్పుడు వేసిన టీకా వల్ల కావచ్చు, మీ తమ్ముని దగ్గర పురుగు సోకి లోపల ఊరికే పడి ఉండవచ్చు, ఉబ్బినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదంది. ఏది నిజం అంటే తనకూ ఖచ్చితంగా తెలియదంది. మూడు నెలలకొకసారి తెచ్చి చూపించమంది. డాక్టరు నోట తెలియదన్న మాట వినడం నాకిదే మొదలు. ఎందుకో ఆమె మీద గురి కుదిరింది.

మరి గడ్డలు ఎందుకు లేచాయి అన్నాను. "బిళ్ళ ఉన్న చోటే జబ్బు ఉండదమ్మా. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కట్టదా? దవడ కింద కడితే పళ్ళు, గొంతు చూస్తాం. ఈ పిల్లకు మెడ వెనక కట్టింది. తల చూడాలి. రుమాలు తీయండి" అంది.

అప్పుడు అత్తమ్మ లేచిన తీరు నువ్వు చూడాలి. పిల్లను గుంజి కొంగులో దాచుకుంది. "అది స్వామి జడ. మేనమామ రాకుండ, మొక్కు తీరకుండ ఎవ్వలు చెయ్యి పెట్టొద్దు. పెడితే పిల్ల దక్కదు" అని దవాఖానంతా వినపడేట్టు అరిచింది. మీ బావ చెప్పి చూశాడు, నేను కాళ్ళు పట్టుకున్నాను. ఆమె పట్టు వదలలేదు. డాక్టరమ్మ విసుక్కుని, తల చూడకుండా తానేం మందు రాయాలంది. వారం లోపల జుట్టు తీయించి తీసుకురమ్మని చీటీ మీద రాసిచ్చింది.

ఇంటికి వచ్చి నేనే పిల్ల నిద్రపోతుంటే జడ ఎత్తబోయాను. ఆముదం, పసుపు అట్ట కట్టి అది తలకు అతుక్కుని ఉంది. లాగితే పిల్ల లేచి ఏడ్చింది. అత్తమ్మ వచ్చి పక్కనే పడుకుంది. ఆ వాసన పసుపుదే అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు నాకు ఏదీ తెలియడం లేదు.

తెలిసింది ఒక్కటే. నువ్వు రానిదే ఆ జడ తెగదు, జడ తెగనిదే రోగం బయటపడదు. నువ్వేమో పిల్లకు మంచిదని అక్కడ కూర్చున్నావు.

ఇక నీ ఇష్టం.

అండాలు


అచ్చంపేట,
29-9-1989 (కార్డు)

అక్కా,

సోమవారం మొదటి బస్సుకు బయలుదేరుతున్నా. సెలవు అడగలేదు, చెప్పాను. మళ్ళీ కళ్ళె పరీక్ష చేయించాను, ఏమీ లేదు. అయినా నా గ్లాసు నేను తెచ్చుకుంటా. అరుగు మీదే ఉంటా. మూతికి రుమాలు కట్టుకుని కత్తెర వేసేంతసేపే పిల్లను ఒళ్ళోకి తీసుకుంటా. వీటికి నువ్వు ఒప్పుకోవాలి. అత్తమ్మ ఏమైనా అంటే అననీ.

భిక్షం


యాదగిరిగుట్ట,
24-10-1989

ప్రియమైన నా తమ్ముడు భిక్షానికి,

అక్క రాస్తున్నది. నువ్వు కళ్ళారా చూసిందే నీకు రాస్తున్నానని నవ్వకు. నువ్వు ఆ రోజు సగం సేపు కళ్ళు మూసుకునే ఉన్నావు, నేను చూశాను.

కల్యాణకట్టలో పిల్ల నీ ఒళ్ళో కూర్చోగానే నీ మూతి మీద రుమాలు లాగి, "మామా, నువ్వు దొంగవా?" అంది. నువ్వు మొహం పక్కకు తిప్పుకుని కత్తెర వేశావు. ఆ తర్వాత కత్తి పట్టిన పెద్దమనిషి జడ తడిపి తడిపి మెత్తబడేదాకా ఆగి, మెల్లగా గీసుకుంటూ పోయి చెవి పైన ఆగిపోయాడు. "అమ్మా, గీడ పుండున్నది" అన్నాడు. అర్ధరూపాయంత జాగా. చీము, దాంట్లో పేలు. నేను కన్న తల్లిని, గడ్డకు నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నది నాకు తెలియలేదు. నువ్వు పిల్లను పట్టుకుని అందరి ముందు అట్లా ఏడుస్తుంటే, వచ్చిన యాత్రికులు ఏమనుకున్నారో. ఎవరో ఒకామె, "పాపం, ఆయనకు బిడ్డంటే ఎంత పానమో" అంది. మేనమామ అని నేను చెప్పాను.

దవాఖానలో పుండు కడిగి కట్టు కట్టించి, మనసు ఆగక అదే సాయంత్రం బస్సెక్కి పోయావు. నువ్వు పోయాక జరిగింది రాయాలనే ఈ ఉత్తరం.

మరునాడు హైదరాబాదు తీసుకుపోతే డాక్టరమ్మ చూసి రెండు వారాలకు మందులిచ్చింది. చీము పుండు వల్లనే బిళ్ళలు కట్టాయంది. పుండు మానుతోంది. చిన్న బిళ్ళలు రెండూ తడిమితే దొరకడం లేదు. పెద్దది కందిగింజంత అయింది. పిల్ల దానికి దిగులుపడి, "నా గోలీ ఎవలు తీసుకపోయిన్రు?" అని అడుగుతుంది.

ఇంట్లో అందరం తేలికపడితే అత్తమ్మ ఒక్కతే మంచం పట్టింది.  మూడో రోజు నేను గంజి తీసుకుపోతే నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఉగాది ముంగట పిల్ల తల గోక్కొని గోక్కొని ఏడ్చింది అండాలూ. జడల పేలు పడ్డయి. నాకు చూడబుద్ధి కాలే. నువ్వు దుకాణం కాడ ఉన్నవు. నా వక్కల అడకత్తెర తోటి జడ కొస జరంత కోద్దామనుకున్న. కండ్లు సరిగ ఆనవు. తోలు తెగింది. పసుపు పెట్టి మూసిన. పది రోజులకు మెడల గడ్డ లేచింది. స్వామి ఎంటికను దొంగతనంగ కోసిన గద, నాకు పడాల్సింది పిల్లకు పడ్డదనుకున్న. మేనమామ వచ్చి మొక్కు సక్కగ తీరితే శాంతిస్తడనుకున్న. నీకు చెప్తే నన్ను ఇంట్ల ఉండనిస్తవా?"

అడకత్తెరను ఆ రోజే బావిలో పడేసిందట. వక్క ఎందుకు మానేసిందో అప్పుడు తెలిసింది.

నాకు మండిపోయింది. మూడు నెలలు నన్ను దవాఖానల చుట్టూ తిప్పి, సూది గుచ్చుతుంటే పక్కన నిలబడి, నోరు విప్పలేదు. ఏమేమో అనబోయాను. ఆమె మొహం చూస్తే నువ్వు గుర్తుకొచ్చావు. అరుగు మీద మూతికి గుడ్డ కట్టుకుని గోడకు ఒదిగి కూర్చున్నావే, అదే మొహం. ఇద్దరూ ఆ పిల్లను నేనే చంపుతున్నానని ఎవరికివారు అనుకున్నారు. ఒకరు దూరంగా పోయి దాక్కున్నారు, ఒకరు దగ్గరుండి దాచారు. మధ్యలో నేనొక పిచ్చిదాన్ని, నా పిల్లకు ఏమైందో చెప్పమని ఊరంతా అడుగుతూ తిరిగాను.

పెట్టెలోంచి నీ ఆగస్టు ఉత్తరం తీసి ఆమె దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. నిన్ను అడగకుండా చదివాను, తిడితే తిట్టు. బాపు గ్లాసు, వాగు, నీ పేరు చెక్కించిన సంగతి, అంతా. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. ఏమంటుందోనని నాకు భయంగానే ఉంది. "గందుకేనా పోరడు నీళ్ళు కూడ అరుగు మీదనే తాగిండు" అంది. "మరి గిప్పుడు మంచిగున్నడా?" అంది. బాగున్నాడన్నాను.

కాసేపటికి తనే లేచింది. నువ్వు పోయే తొందరలో అరుగు మీద బోర్లించి మరిచిపోయిన గ్లాసును నేను ముట్టకుండా ఇరవై రోజులుగా అట్లాగే ఉంచాను. అటు వాగులో పారేయలేను, ఇటు లోపలికి తేలేను. చదివిన దాన్ని నేను, డాక్టరమ్మ మాట చెవులారా విన్నదాన్ని, అయినా నా చెయ్యి పోలేదు. నిజం ఇది, నీ దగ్గర దాచను. ఇక ఈ ఇంట్లో ఎవరూ ఏదీ దాచొద్దు. అత్తమ్మ దాన్ని తెచ్చి బూడిద వేసి తోమి, కడిగి, వంటింటి గూట్లో మా గ్లాసుల పక్కన పెట్టింది.

కార్తీకంలో రా. ఈసారి పది రోజులకు సెలవు అడిగి రా. లాల్ బీని కూడా తీసుకురా. నీకు రొట్టె తినిపించిన చేతులకు నేను అన్నం పెట్టాలి. తేనె సీసా మూత తీశాను, సగం అయిపోయింది.

పొద్దున యాదలక్ష్మి గూట్లోంచి చేతికందిన గ్లాసు తీసుకుని పాలు పోయమంది. పోశాను. గుండు మీద వెలుతురు పడుతుంటే గడప మీద కూర్చుని తాగుతోంది. ఆ గ్లాసు అడుగున ఎవరి పేరు ఉందో నేను తిప్పి చూడలేదు.

నీ కోసం పళ్ళెం వేరుగా పెట్టని
అక్క, అండాలు